ఎలక్ట్రాన్లను వదిలేయమనే సలహాలు

వేడి లోహాల మీద లెక్కలు మొదలుపెట్టే విద్యార్థికి కొన్ని సలహాలు అడగకుండానే అందుతాయి. కొన్ని సీనియర్లు చెప్పినవి, కొన్ని పాత థీసిస్‌ల నుంచి దిగుమతి అయినవి, మరికొన్ని పాఠ్యపుస్తకంలో ఒక వాక్యాన్ని సగం చదివి పట్టుకున్నవి. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ 1000 కెల్విన్ దాటిన మిశ్రలోహం దగ్గర ఈ సలహాలు దారి తప్పిస్తాయి. వాటిని ఇక్కడ పోగు చేస్తున్నాను. పాటించమని కాదు, చెవిన పడ్డప్పుడు గుర్తుపట్టమని.

“ఎలక్ట్రాన్ల వాటా చలిలోనే. వేడిలో వదిలెయ్.”

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది ఇదే. దీని వెనుక పెద్ద చరిత్ర ఉంది. ఘనపదార్థాల ఉష్ణధారిత మోల్‌కు, డిగ్రీకి సుమారు 25 జౌల్స్ అని డ్యూలాంగ్, పెటిట్ 1819లో చెప్పిన సూత్రం గది ఉష్ణోగ్రతలో లోహాలకు బాగానే సరిపోయింది. 1900లో డ్రూడ్ లోహంలోని ఎలక్ట్రాన్లను వాయువుగా ఊహించాడు. వాయువే అయితే ప్రతి మోల్ ఎలక్ట్రాన్లూ ఇంకో 12.5 జౌల్స్ చేర్చాలి. కొలతల్లో ఆ అదనం కనబడలేదు. జవాబు 1927, 28 సంవత్సరాల్లో సోమర్‌ఫెల్డ్ ఇచ్చాడు. కిక్కిరిసిన బస్సులో ఫుట్‌బోర్డు మీద ఉన్నవాళ్లే అటూ ఇటూ కదలగలరు, లోపలివాళ్లకు కాలు తీసి పెట్టే చోటుండదు. లోహంలోనూ అంతే: ఫెర్మీ మట్టానికి దగ్గరగా ఉన్న ఎలక్ట్రాన్లే వేడిని తీసుకోగలవు. అందుకే వాటి ఉష్ణధారిత ఉష్ణోగ్రతతో పాటు నేరుగా పెరిగే ఒక చిన్న పదం. దాని గుణకాన్ని గామా అంటాం. ఫెర్మీ మట్టం దగ్గర ఎన్ని స్థితులు ఉన్నాయో దాన్నిబట్టి గామా ఉంటుంది.

ఈ పదాన్ని పాఠ్యపుస్తకాలు 4 కెల్విన్ దగ్గర చూపిస్తాయి, అందుకు తగిన కారణం ఉంది. అంత చలిలో పరమాణు కంపనాల ఉష్ణధారిత ఉష్ణోగ్రత ఘనానుసారం పడిపోతుంది, మిగిలిన ఎలక్ట్రాన్ల పదం బయటపడుతుంది. విద్యార్థి ఇక్కడే పొరబడతాడు. కనబడటం వేరు, ఉండటం వేరు. పైకి వెళ్లే కొద్దీ కంపనాల వాటా 25 జౌల్స్ దగ్గర ఆగిపోతుంది, ఎలక్ట్రాన్ల వాటా పెరుగుతూనే ఉంటుంది.

ఎంత పెరుగుతుందన్నది లోహాన్ని బట్టి. రాగి గామా 0.695 మిల్లీజౌల్. 1300 కెల్విన్ దగ్గర అది 0.9 జౌల్ అవుతుంది, కంపనాల వాటాలో నాలుగు శాతం కూడా కాదు. రాగి, వెండి, బంగారం, అల్యూమినియం మీద పనిచేసేవారు ఈ సలహా విన్నా పెద్ద నష్టం లేదు. ఇనుముకు గామా 4.98, నికెల్‌కు 7.02, నియోబియానికి 7.79, వెనేడియానికి 9.26. జెట్ ఇంజన్లోనూ రియాక్టర్లోనూ కొలిమిలోనూ పనికొచ్చే మిశ్రలోహాలన్నీ దాదాపు ఈ రెండో జట్టులోవే. ఎలక్ట్రాన్లను వదిలెయ్యమన్న మాట రాగి దగ్గర పుట్టి, ఏ విచారణా లేకుండా నియోబియం దాకా వచ్చింది.

“హ్యాండ్‌బుక్‌లో గామా ఉందిగా. ఉష్ణోగ్రతతో గుణించు, అయిపోతుంది.”

మొదటి సలహా తప్పని తెలుసుకున్నవాళ్లు వెంటనే పడే గుంట ఇది. నిజానికి మొదటిదానికన్నా ప్రమాదం. వదిలేసినవాడికి ఏదో వదిలేశానన్న స్పృహ ఉంటుంది. గుణించినవాడికి పని పూర్తయిందన్న నమ్మకం వస్తుంది.

నియోబియాన్నే తీసుకోండి. 7.79 మిల్లీజౌల్స్‌ను 2000 కెల్విన్‌తో గుణిస్తే 15.6 జౌల్స్. కంపనాల 25 కలిపితే మొత్తం 40 దాటాలి. ఆ ఉష్ణోగ్రతలో నియోబియం కొలత దీనికన్నా చాలా తక్కువ. తేడా ఎక్కడుంది?

మొదటి కారణం: హ్యాండ్‌బుక్ గామా చలిలో కొలిచింది. అక్కడ ఎలక్ట్రాన్ ఒంటరిగా కదలదు, చుట్టూ జాలకాన్ని కొద్దిగా లాక్కుంటూ కదులుతుంది, అందుచేత బరువెక్కినట్టు ప్రవర్తిస్తుంది. గామా కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. నియోబియంలో ఈ పెరుగుదల దాదాపు రెట్టింపు. అది మంచి సూపర్‌కండక్టర్ కావడానికీ ఈ బలమైన సంబంధమే కారణం. ఉష్ణోగ్రత డిబై ఉష్ణోగ్రతను దాటాక ఆ అదనపు బరువు మాయమవుతుంది. కాబట్టి వేడి లెక్కకు కావలసింది కొలిచిన గామా కాదు, బ్యాండ్ లెక్కల నుంచి వచ్చే ఉత్త గామా. నియోబియానికి అది సుమారు సగం. ఈ ఒక్క సవరణతోనే 15.6 కాస్తా 8 దగ్గరికి వస్తుంది.

రెండో కారణం: గామా అంటే ఫెర్మీ మట్టం దగ్గర ఒక్క బిందువులో స్థితుల సాంద్రత. వేడిలో ఎలక్ట్రాన్లు చూసేది బిందువును కాదు, ఒక కిటికీని. ఆ కిటికీ వెడల్పు 300 కెల్విన్‌లో 0.09 ఎలక్ట్రాన్ వోల్ట్, 2000 కెల్విన్‌లో 0.6. పరివర్తన లోహాల్లో స్థితుల సాంద్రత 0.6 ఎలక్ట్రాన్ వోల్ట్ దూరంలో కొండ ఎక్కి లోయలోకి దిగిపోగలదు. నికెల్, ప్లాటినం వంటి లోహాల్లో ఫెర్మీ మట్టం శిఖరం దగ్గరుంది. కిటికీ విచ్చుకున్న కొద్దీ పక్కనున్న పల్లం కూడా లెక్కలోకి వచ్చి, ఉష్ణధారిత సరళరేఖకన్నా కిందికి వంగుతుంది. టంగ్‌స్టన్‌లో ఫెర్మీ మట్టం లోయలో ఉంది, అక్కడ గీత పైకి లేస్తుంది. రాగిలో డి-బ్యాండ్ ఫెర్మీ మట్టానికి సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల కింద ఉంది కాబట్టి, లోహం కరిగిపోయే దాకా దాని ప్రభావం పెద్దగా తగలదు.

కాబట్టి చేయాల్సింది గుణకారం కాదు, సమాకలనం. మొత్తం స్థితుల సాంద్రత మీద ఫెర్మీ-డిరాక్ వితరణ వేసి, ఎంట్రొపీనీ అంతర్గత శక్తినీ విడివిడిగా లెక్కించాలి. అలా చేసేటప్పుడు రసాయన విభవాన్ని ప్రతి ఉష్ణోగ్రతకూ మళ్లీ వెతకండి. ఫెర్మీ మట్టాన్ని సున్నా కెల్విన్ దగ్గర పాతేసి కదపకుండా ఉంచితే, సాంద్రత ఏటవాలుగా ఉన్నచోట ఎలక్ట్రాన్ల సంఖ్యే మారిపోతుంది. చాలా స్క్రిప్టుల్లో దాక్కున్న తప్పు ఇది. దిద్దడానికి నాలుగు వరసల కోడ్ చాలు.

మూడో కారణం ఆలస్యంగా వెలుగులోకి వచ్చింది. స్థితుల సాంద్రత కూడా ఉష్ణోగ్రతతో మారుతుంది. పరమాణువులు తమ స్థానాల్లో బుద్ధిగా కూర్చున్న స్ఫటికానికి వేసిన గ్రాఫులో కనిపించే పదునైన శిఖరాలు, పరమాణువులు వేడికి అల్లాడుతున్నప్పుడు అరిగి గుండ్రబడతాయి. 3డి, 4డి, 5డి లోహాలన్నిటినీ ద్రవీభవన స్థానం దాకా లెక్కించి గ్రాబోవ్‌స్కీ, నాయ్‌గెబావర్ల బృందం 2017లో ఈ విషయాన్ని వివరంగా చూపింది. శిఖరం మీద కూర్చున్న లోహానికి ఇది వాటాను తగ్గిస్తుంది, లోయలో ఉన్నదానికి పెంచుతుంది. మాలిక్యులర్ డైనమిక్స్ పరుగు నుంచి కొన్ని క్షణచిత్రాలు తీసి, వాటి స్థితుల సాంద్రతల సగటు తీసుకుంటే మంచి అంచనా వస్తుంది.

అయస్కాంతత్వం గురించి ఒక్క మాట. నికెల్ గామా 7.02 ఫెర్రోమాగ్నెటిక్ స్థితికి చెందిన అంకె. దాని క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 630 కెల్విన్, ఇనుముది 1043. ఆ పైన పాత అంకె పనికిరాదు. అలాగని అయస్కాంతత్వమే లేని ఇనుమును లెక్కించడమూ సరికాదు. క్యూరీ బిందువు పైన కూడా పరమాణువుల అయస్కాంత భ్రామకాలు ఉంటాయి, దిశలే చెదిరిపోతాయి. ఆ చెదిరిన స్థితికే ఎలక్ట్రాన్ల లెక్క చెయ్యాలి.

“చిన్న పదం. అన్ని ఫేజులకూ దాదాపు ఒకటే కదా, కొట్టుకుపోతుంది.”

మిశ్రలోహాల పని అంతా తేడాల మీద నడుస్తుంది. ఏ ఫేజ్ నిలుస్తుంది, ఏది కరిగిపోతుంది, ఎక్కడ క్రమం చెదురుతుంది అన్న ప్రశ్నలకు రెండు స్వేచ్ఛాశక్తుల మధ్య ఉన్న కొద్ది తేడాయే సమాధానం. అక్కడ చిన్న పదం అన్న మాటకు అర్థం లేదు. తేడాకన్నా చిన్నదా కాదా అన్నదే చూడాలి.

టైటానియంతో లెక్క వేద్దాం. షట్కోణ జాలకం నుంచి బీసీసీకి అది 1155 కెల్విన్, అంటే 882 డిగ్రీల సెల్సియస్ దగ్గర మారుతుంది. ఆ మార్పు ఎంట్రొపీ మోల్‌కు, డిగ్రీకి సుమారు 3.6 జౌల్స్ మాత్రమే. ఇప్పుడు రెండు ఫేజుల గామాల తేడాలో మీరు 1 మిల్లీజౌల్ పొరపాటు చేశారనుకోండి. స్వేచ్ఛాశక్తిలో ఆ తప్పు 1155 కెల్విన్ దగ్గర 667 జౌల్స్ అవుతుంది. దాన్ని 3.6తో భాగిస్తే సుమారు 185 డిగ్రీలు. ఒక్క మిల్లీజౌల్‌ను పట్టించుకోనందుకు పరివర్తన ఉష్ణోగ్రత అంత జరిగిపోతుంది. ఈ మార్పులో పెద్ద వాటా కంపనాలదే, బీసీసీ జాలకం మెత్తగా ఉండటం వల్ల వచ్చేది. కానీ మిగతాది ఎలక్ట్రాన్లది, దాన్ని వదిలేసి సరైన ఉష్ణోగ్రత పట్టుకోవడం కుదరదు. ఎలక్ట్రాన్లు, కంపనాలు, అన్‌హార్మోనిక్ ప్రభావాలు, ఈ మూడింటి ఎంట్రొపీలనూ పరివర్తన లోహాల్లో విడదీసి చూపిన పనిని ఎరిక్సన్, విల్స్, వాలెస్ 1992లోనే చేశారు. ఇంకా ఈ సలహా తిరుగుతూనే ఉంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే ప్రెషర్ ట్యూబుల మిశ్రలోహం జిర్కోనియంలో 2.5 శాతం నియోబియం కలిపినది. జిర్కోనియం కూడా టైటానియంలాగే షట్కోణం నుంచి బీసీసీకి మారే లోహం, నియోబియం ఆ బీసీసీని నిలబెట్టే లోహం. కంచన్‌బాగ్‌లోని మిధానిలో టైటానియం మిశ్రలోహాలూ సూపర్ అల్లాయ్‌లూ తయారవుతాయి. ఈ లోహాల చుట్టూ పనిచేసేవాళ్లు, లెక్కలు కట్టేవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు.

క్రమం, అక్రమాల విషయంలో నికెల్-వెనేడియం జంట మంచి పాఠం. మూడు పాళ్లు నికెల్, ఒక పాలు వెనేడియం ఉన్న మిశ్రలోహంలో పరమాణువులు చలిలో క్రమబద్ధంగా అమరుతాయి, 1045 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ క్రమం చెదిరిపోతుంది. క్రమబద్ధమైన అమరికలో ఫెర్మీ మట్టం దగ్గర స్థితులు తక్కువ, చెదిరిన ద్రావణంలో ఎక్కువ. అంటే ఎలక్ట్రాన్ల ఎంట్రొపీ చెదిరిన పక్షాన నిలబడుతుంది. వుల్వర్టన్, జుంగర్ 1995లో ఈ జంట మీద చేసిన లెక్కల్లో ఎలక్ట్రాన్ల ఉత్తేజాన్ని చేర్చాక పరివర్తన ఉష్ణోగ్రత బాగా కిందికి దిగింది. ఎలక్ట్రాన్లు ఎప్పుడూ అక్రమానికే సాయం చేస్తాయని దీన్నుంచి సూత్రం తీయకండి. ఏ ఫేజ్‌లో ఫెర్మీ మట్టం దగ్గర స్థితులు ఎక్కువో దానికి చేస్తాయి.

హై ఎంట్రొపీ మిశ్రలోహాల వాళ్లు ఐదు లోహాలు సమపాళ్లలో కలిస్తే వచ్చే 13.4 జౌల్స్ కలయిక ఎంట్రొపీనే అంతా అనుకుంటారు. గామా 3 మిల్లీజౌల్స్ ఉన్న మిశ్రలోహానికి 1500 కెల్విన్ దగ్గర ఎలక్ట్రాన్ల ఎంట్రొపీ 4.5 జౌల్స్, దాని మూడో వంతు. అయితే ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి. శుద్ధ లోహాలకు కలయిక ఎంట్రొపీ సున్నా, ఎలక్ట్రాన్ల ఎంట్రొపీ మాత్రం వాటికీ ఉంటుంది. వాటి వాటా తీసేశాక మిగిలేదే లెక్కలోకి రావాలి, అది ధనమూ కావచ్చు, ఋణమూ కావచ్చు.

“సాఫ్ట్‌వేర్‌లో స్మియరింగ్ ఇచ్చాం. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత అందులోనే వచ్చేసింది.”

రాలేదు. లోహాల లెక్క త్వరగా స్థిరపడటానికి ఫెర్మీ మట్టం అంచును కాస్త మెత్తబరిచే పద్ధతి స్మియరింగ్. మెత్‌ఫెసెల్, పాక్స్‌టన్ 1989లో ఇచ్చిన రూపం సున్నా కెల్విన్ శక్తిని బాగా పట్టుకోవడానికి కనిపెట్టింది. అందులో ఎంట్రొపీ పేరుతో కనిపించే అంకె గణితపు సౌకర్యమే, ఉష్ణోగ్రతతో దానికి సంబంధం లేదు. నిజమైన ఉష్ణోగ్రత కావాలంటే ఫెర్మీ-డిరాక్ రూపమే వాడాలి. వేడి ఎలక్ట్రాన్లకు సాంద్రతా సిద్ధాంతం చెల్లుతుందని 1965లో మెర్మిన్ నిరూపించింది ఆ రూపానికే. వెడల్పు సంగతీ గమనించండి. చాలామంది వాడే 0.2 ఎలక్ట్రాన్ వోల్ట్‌ను ఫెర్మీ-డిరాక్‌లో పెడితే అది 2320 కెల్విన్. 1200 కెల్విన్ మిశ్రలోహం గురించి రాస్తూ 2320 కెల్విన్ ఎలక్ట్రాన్లను ప్రచురించడం మంచి పని కాదు.

“ఎంట్రొపీని ఉష్ణోగ్రతతో గుణించి శక్తిలోంచి తీసెయ్, చాలు.”

చాలదు. ఎలక్ట్రాన్లు పైకి లేవడానికి శక్తి ఖర్చవుతుంది. సరళమైన సందర్భంలో ఎంట్రొపీ పదం గామాను ఉష్ణోగ్రత వర్గంతో గుణించినంత తీసేస్తే, అంతర్గత శక్తి అందులో సగం తిరిగి కలుపుతుంది. స్వేచ్ఛాశక్తిలో నికరంగా దిగేది సగమే. ఆ ఖర్చును మరిచినవారి ఎలక్ట్రాన్ల ప్రభావం సరిగ్గా రెట్టింపు అవుతుంది.

“శుద్ధ లోహాల అంకెల సగటే మిశ్రలోహం అంకె.”

ఉష్ణధారితలను కూడిక వేసే పాత కాప్ నియమం కంపనాలకు కొంతవరకు నడుస్తుంది. ఎలక్ట్రాన్లకు అలా నడవడానికి కారణం లేదు. వెనేడియం 9.26, క్రోమియం 1.40. ఇలాంటి పక్కపక్క లోహాలను కలిపినప్పుడు ఒకే బ్యాండ్‌లోకి ఎలక్ట్రాన్లు పోసినట్టుగా గామా మారుతుందన్నది రిజిడ్ బ్యాండ్ భావన. 1960లో పాల్ బెక్ బృందం బీసీసీ మిశ్రలోహాల వరుసను చల్లబరిచి కొలిచి, పరమాణువుకు ఎన్ని ఎలక్ట్రాన్లో దాన్నిబట్టి గామా కొండలూ లోయలూ ఎలా వేస్తుందో గీసి చూపింది. ఆ గీత ఈనాటికీ చూడదగ్గది. ఆవర్తన పట్టికలో పొరుగువైన ఈ లోహాలకు భావన బాగానే పనిచేసింది.

రాగి-నికెల్ కూడా పొరుగువే. అక్కడ మాత్రం అది కూలిపోయింది. రాగి ఎలక్ట్రాన్లు నికెల్ డి-బ్యాండ్‌లోని ఖాళీలను నింపుతాయని దశాబ్దాల పాటు బోధించారు. 1968లో సీబ్, స్పైసర్ ఫోటో ఎమిషన్‌తో చూస్తే నికెల్ స్థితులు రాగిలో కరిగిపోకుండా తమ చోటే విడిగా నిలిచి ఉన్నాయి. రెండు లోహాల డి-బ్యాండ్లు వేరు వేరు మట్టాల్లో ఉంటే ఒకే బ్యాండ్ అన్న ఊహే పొసగదు. పొరుగుతనం హామీ కాదు కనుక, మీ మిశ్రలోహాన్ని మిశ్రలోహంగానే లెక్కించండి. సగటు పరమాణువుల పద్ధతితోనో, పెద్ద నమూనా కణంలో పరమాణువులను చెదరగొట్టిన పద్ధతితోనో చేయండి.

“కంపనాలది ఒక లెక్క, ఎలక్ట్రాన్లది ఇంకో లెక్క. చివర్లో కూడు.”

చాలా లోహాలకు ఇది సరిపోతుంది. సరిపోని చోటు వెనేడియం. వేడెక్కితే లోహం వ్యాకోచిస్తుంది, బంధాలు సడలి కంపనాల పౌనఃపున్యం తగ్గాలి. న్యూట్రాన్ల పరిక్షేపణతో డెలెయర్, ఫుల్ట్జ్, వారి సహచరులు కొలిచినప్పుడు వెనేడియం కంపనాలు ఆశించినట్టు మెత్తబడలేదు. ఫెర్మీ మట్టం దగ్గరి ఎలక్ట్రాన్ల స్థితులు వేడికి చెదిరి, కంపనాలను మెత్తబరిచే తమ బలాన్ని కోల్పోవడమే కారణమని వాళ్లు తేల్చారు. ఎలక్ట్రాన్ల వేడి కంపనాల ఎంట్రొపీని కూడా మార్చిందన్న మాట. ఇలాంటి లోహంలో రెండు పట్టికలు విడిగా వేసి కూడితే, పట్టికలు రెండూ సరైనవే అయినా మొత్తం తప్పుతుంది. ఫెర్మీ మట్టం శిఖరం మీదున్న ప్రతి మిశ్రలోహానికీ ఈ అనుమానం పెట్టుకోండి.

“కాల్‌ఫాడ్ డేటాబేస్‌లో ఎలక్ట్రాన్లు లేవు, నువ్వు కలుపు.”

ఇది అతి శ్రద్ధ వల్ల పుట్టే తప్పు. ఫేజ్ చిత్రాలు లెక్కించే ఈ డేటాబేస్‌లకు పునాదిగా 1991లో డిన్స్‌డేల్ ప్రచురించిన శుద్ధ మూలకాల బహుపదులు కొలిచిన ఉష్ణధారితలకు అమర్చినవి. కొలతలో ఎలక్ట్రాన్లు ఎప్పుడో చేరిపోయాయి. మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కించినట్టు. కలపాల్సింది వేరే చోట: కొలతలు దొరకని ఫేజ్‌కు సున్నా కెల్విన్ శక్తిని మాత్రం లెక్కించి డేటాబేస్‌లో పెట్టినప్పుడు.

ఘనస్థితి భౌతికశాస్త్రం, లోహశాస్త్రం బోధించే ఉపన్యాసకులకు ఒక విన్నపం. సోమర్‌ఫెల్డ్ అధ్యాయం చివర ఇచ్చే 4 కెల్విన్ రాగి లెక్కను అలాగే ఉంచండి. దాని కింద 1500 కెల్విన్ దగ్గర ఏదైనా పరివర్తన లోహానికి, రెండు ఫేజుల స్థితుల సాంద్రతల గ్రాఫులు పక్కపక్కన ఇచ్చి, స్వేచ్ఛాశక్తుల తేడా కట్టమని ఇంకో లెక్క చేర్చండి. ఆ ఒక్క లెక్క చేసిన విద్యార్థికి ఎలక్ట్రాన్లను వదిలెయ్యమని ఎవరు చెప్పినా, ఏ రెండు ఫేజుల మధ్య అని ఎదురు అడుగుతాడు.